బస్తర్: ఎన్ని అక్షరాల మాట?

బస్తర్ అనే పేరులో ఎన్ని అక్షరాలున్నాయి? పత్రికల్లో గళ్ల నుడికట్టు నింపే అలవాటున్న తెలుగు పాఠకులు మూడు గళ్లు చాలంటారు: బ, స్త, ర్. ఇంగ్లీషులో రాస్తే ఆరు. తెలుగు లిపిలో రాసి కంప్యూటర్‌ను అడిగినా ఆరే అంటుంది. అయితే అది లెక్కపెట్టేవి వేరు: బ, స, పొల్లు, త, ర, మళ్లీ పొల్లు. అదే పేరును హిందీ పద్ధతిలో దేవనాగరిలో రాస్తే చివరి పొల్లు అక్కర్లేదు కాబట్టి లెక్క ఐదుకు దిగుతుంది. ఊరు మారలేదు, పలుకూ దాదాపు అదే. కొలత మాత్రం లిపిని బట్టి మారిపోయింది.

ఇది పొడుపు కథ కాదు. ఇన్ని అక్షరాలున్న, ఫలానా అక్షరం వచ్చే మాటలు వెతికి పెట్టడం కంప్యూటర్‌కు ఇంగ్లీషులో చాలా తేలికైన పని. 26 అక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో సంకేతం. 2021లో మొదలై మరుసటి ఏడాదికి ప్రపంచమంతా ఆడిన వర్డిల్ ఆట వెనక ఉన్నది సుమారు 2,300 ఐదక్షరాల జవాబుల జాబితా, కొన్ని వరుసల ప్రోగ్రాము. నిఘంటువులో వెతుకులాట, అక్షరదోషాలు పట్టే ఉపకరణాలు, చిన్న పిల్లల మాటల ఆటలు కూడా చాలావరకు ఈ లెక్క మీదే నిలబడతాయి. చిక్కంతా ఆ ప్రోగ్రామును భారతీయ భాషలకు ఉన్నదున్నట్టు దించుకున్నప్పుడు వస్తుంది.

తెలుగులోనే చూడండి. ‘స్త్రీ’ ఒకే అక్షరం. కంప్యూటర్ సంకేతాల్లో ఆరు. ‘మడమ’ మూడక్షరాలు, సంకేతాలు కూడా మూడే. ఆరక్షరాల మాటలు చూపించమంటే స్త్రీ ముందు వరసలో వచ్చి నిలబడుతుంది! ‘ఇ’ ఉన్న మాటలు అడిగితే ఇల్లు దొరుకుతుంది, తిండి దొరకదు. అచ్చు ఇకారానికి ఒక సంకేతం, గుడికి మరొకటి కావడమే కారణం. ఇంగ్లీషులో ఈ తేడా లేనే లేదు.

ప్రమాణాలు తయారుచేసేవారు దీన్ని గుర్తించారు, ఆలస్యంగా. చూడటానికి ఒకటిగా కనిపించే అక్షరాన్ని ఒకటిగానే లెక్కించేందుకు యూనికోడ్‌లో నియమాలున్నాయి. పాత నియమం ప్రకారం బస్తర్ నాలుగు ముక్కలు: బ, స్, త, ర్. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పు ఒత్తును విడగొట్టకుండా కలిపి ఉంచే నియమాన్ని చేర్చింది. అప్పుడు లెక్క మూడుకు వచ్చింది, నుడికట్టు గళ్లతో సరిపోయింది. ఆ నియమం వర్తించిన లిపులు ఆరు: దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం. గోండీ లిపులు అందులో లేవు.

బస్తర్ విషయంలో అసలు సమస్య ఇక్కడే ఉంది. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాతృభాషగా ఉన్నవారు దాదాపు 30 లక్షలు. బస్తర్‌లో గోండీని ఎక్కువగా దేవనాగరిలో, తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు. వీటితోపాటు దాని సొంత లిపులు రెండున్నాయి. మున్షీ మంగళ్‌సింగ్ మసారామ్ 1918లో రూపొందించిన లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, జయధీర్ తిరుమలరావు వంటివారి కృషితో వెలుగులోకి వచ్చి, 2018లో చేరింది. రెండింటికీ చోటు దొరికింది యూనికోడ్‌లోని మొదటి 65,536 స్థానాల అవతల. జావాస్క్రిప్ట్ వంటి ప్రోగ్రామింగ్ భాషల్లో మామూలు పొడవు లెక్క 16 బిట్ల గడుల్లో సాగుతుంది కాబట్టి, ఆ లిపుల్లోని ఒక్కో గుర్తూ రెండుగా లెక్కకు వస్తుంది. జాగ్రత్తపడని ప్రోగ్రాముకు గోండీ మాట ప్రతిదీ రెట్టింపు పొడవు.

‘నార్’ అంటే గోండీలో ఊరు. తెలుగు లిపిలో నాలుగు సంకేతాలు, దేవనాగరిలో మూడు. నాలుగు లిపుల్లో బతికే భాషకు ‘ఇన్ని అక్షరాల మాట’ అన్న ప్రశ్నకు జవాబు సంకేతాల్లో దొరకదు. పలికేవారి చెవిలో దొరుకుతుంది.

ముందు ఫాంట్లు, కీబోర్డులు రానివ్వండి, ఈ లెక్కలు తర్వాత చూద్దాం అనేవారున్నారు. ఆ వాదన పూర్తిగా తప్పేమీ కాదు. కీబోర్డు లేనిదే ఏదీ కదలదు. అయితే వెనక్కి చెరిపే మీట ఒక్క నొక్కుతో ఎంత చెరపాలన్నది కూడా ఒక అక్షరం ఎంత అన్న ప్రశ్నే. అందరూ దేవనాగరిలోనే రాస్తే పోతుంది కదా అన్న సలహా కూడా వినిపిస్తుంది. బస్తర్‌లోనే వినిపించే మరో ద్రావిడ భాష ధుర్వా, అంటే పర్జీ. బరో, భట్టాచార్య 1953లోనే దాని మీద పుస్తకం వేశారు. ఆ భాషలో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. హిందీ బడిలో నేర్పే దేవనాగరిలో ఒక్కో జతకు ఒకటే గుర్తు. హ్రస్వానికి యూనికోడ్ దేవనాగరిలో సంకేతం ఉన్నా పిల్లలకు దాన్ని చూపించేవారు లేరు. అలా రాసిన జాబితాలో రెండు వేరు మాటలు ఒకటైపోతే, ఎంత మంచి ప్రోగ్రామైనా వాటిని మళ్లీ విడదీయలేదు.

మరో లోటు మాటల జాబితాలది. జాబితా లేకుండా వెతుకులాట లేదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఫోను ద్వారా గోండీ గొంతులను వినిపిస్తూ వచ్చింది. ఆ సంస్థ చొరవతో వేర్వేరు రాష్ట్రాల గోండులు కూర్చుని సుమారు 3,000 మాటలతో ప్రామాణిక నిఘంటువు తయారుచేశారు. అది 2018లో హంపి కన్నడ విశ్వవిద్యాలయంలో ఒక రూపానికి వచ్చింది. పిల్లల కథలు కూడా కొన్ని గోండీలోకి వచ్చాయి. ఇంగ్లీషు జాబితాల పక్కన ఇది పిడికెడే. అయినా పని మొదలుపెట్టడానికి పిడికెడు చాలు.

2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది. కొండగావ్‌లోనో సుక్మాలోనో ఒక ఉపాధ్యాయుడు ‘ర్‌తో ముగిసే రెండక్షరాల మాటలు చెప్పండి’ అని అడిగితే పిల్లలు నార్ అంటారు, ఏర్ అంటారు. ఏర్ అంటే నీళ్లు. మన ఏరుకు చుట్టం. వాళ్లకిచ్చే ట్యాబ్‌లోని ఆట ఈ రెండింటినీ తప్పని కొట్టేయకూడదు. అందుకు చేయాల్సింది పెద్ద పరిశోధనేమీ కాదు. నిఘంటువులోని ఆ 3,000 మాటలను గోండీ పలికే పెద్దల చేత, పిల్లల చేత గళ్లలో రాయించి, ఏ గడిలో ఏం పెట్టారో నమోదు చేయాలి. ప్రోగ్రాము రాసేవారి చేతికి ముందుగా అందాల్సిన కాగితం అదే. యూనికోడ్ నియమాల్లో గోండీ లిపులను చేర్చమని అడగడానికి కూడా అదే పనికొస్తుంది.