ర్యాంకు కన్నా ముందే తేలాల్సిన లెక్కలు

తెలంగాణలో పుట్టి, పదో తరగతి దాకా ఇక్కడే చదివి, ఇంటర్ రెండేళ్లు మాత్రం విజయవాడలోనో గుంటూరులోనో హాస్టల్లో ఉండి చదివిన పిల్లలు ఎంబీబీఎస్ సీట్ల విషయంలో తెలంగాణ స్థానికులు అవుతారా, కారా? కారనే చెప్పింది 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 33వ నంబరు జీవో. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు రాష్ట్రంలోనే సాగి ఉండాలన్నది దాని సారాంశం. హైకోర్టులో విద్యార్థులకు ఊరట దొరికినా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. బదిలీల మీద వేరే రాష్ట్రాలకు వెళ్లే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు, మరి కొన్ని వర్గాల వారికి మినహాయింపులు ఉన్నాయి. మిగతా వారికి లేవు.

ఈ వివాదంలో చట్టం సంగతి అలా ఉంచి ఇంటి సంగతి చూద్దాం. నీట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు స్థానిక కోటాకు దూరమైంది చదవక కాదు. పదిహేనేళ్ల వయసులో వాళ్లను ఏ ఊళ్లో చేర్పించాలన్నది పెద్దలు నిర్ణయించారు. ఆ నిర్ణయం ఫలితం రెండేళ్ల తర్వాత పిల్లల మీద పడింది. జీవో వచ్చేనాటికే చేర్పించేసిన తల్లిదండ్రులను తప్పుపట్టడానికి లేదు. కానీ ఇకపై చేర్పించేవారు ఈ ప్రశ్న ముందే వేసుకోవాలి. మన ఇళ్లలో పిల్లల చదువు మీద శ్రద్ధకు కొదవ లేదు. ఆ శ్రద్ధలో ఎక్కువ భాగం పిల్లలే చేసుకోవాల్సిన పని మీద పడుతోంది. పెద్దలు తప్ప మరొకరు చేయలేని పని చివరి వారానికో, ఎవరో కన్సల్టెంటుకో మిగిలిపోతోంది.

ఇంజినీరింగ్ సంగతే తీసుకోండి. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్ర కోటా కింద ఉంటాయి. ఏ రాష్ట్రం సొంత రాష్ట్రమన్నది పుట్టిన ఊరు తేల్చదు, ఇంటి చిరునామా తేల్చదు. పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే లెక్క. కరీంనగర్ అబ్బాయి విజయవాడలో ఇంటర్ రాస్తే అతనికి సొంత రాష్ట్ర కోటా తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో వస్తుంది, వరంగల్‌లో రాదు. పదో తరగతి పరీక్షలు రాయకముందే ఇంటికి వచ్చి, ఫీజులో రాయితీ చూపించి, అడ్వాన్సు తీసుకుని సీటు ఖాయం చేసే కాలేజీ పీఆర్వో ఈ ముక్క చెబుతాడని ఆశించలేం. ఆయన పని అడ్మిషన్లు తేవడం. కనుక్కోవాల్సింది తల్లిదండ్రులే.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఇంటర్ రెండు సంవత్సరాల విద్యార్థులు ఏటా సుమారు 20 లక్షల మంది. వారిలో ఎంపీసీ వాళ్ల ముందు ఒక్క పరీక్ష కాదు, నాలుగు ఉంటాయి. బోర్డు పరీక్షలు, జనవరిలోనూ ఏప్రిల్లోనూ జేఈఈ మెయిన్, అందులో మొదటి రెండున్నర లక్షల మందిలో చోటు దొరికితే అడ్వాన్స్‌డ్, ఆ పక్కనే ఈఏపీసెట్. వీటిలో ఒకదాని నియమం మరొకదానికి పొసగదు. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు, జేఈఈ మెయిన్‌లో కోస్తారు. ఈ రాష్ట్ర పరీక్ష ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీని తెలంగాణ 2023లో తీసేసింది, ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం వెయిటేజీ ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీలో చేరాలంటే ఇంటర్లో 75 శాతం మార్కులు, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో చోటు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు. ఇన్ని నియమాలను పదిహేడేళ్ల పిల్లలు ఫిజిక్స్ ఫార్ములాలతో పాటు గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. నోటిఫికేషన్లు చదివి, తేదీలు రాసుకుని, ఏది ఎందుకు రాస్తున్నామో పిల్లలతో కూర్చుని మాట్లాడే పెద్దవారు ఇంట్లో ఒక్కరు ఉంటే సగం బరువు తగ్గుతుంది.

ఆ మాటలు జరుగుతున్నాయా? హాస్టల్లో ఉన్న పిల్లలకు వారానికి ఒకసారి ఫోన్ ఇస్తారు. వార్డెన్ బల్ల ముందు క్యూ, వెనుక మరో ఇరవై మంది. దొరికేది ఐదు పది నిమిషాలు. అప్పటికే తండ్రి ఫోన్లో వీకెండ్ టెస్టు మార్కుల మెసేజ్ ఉంటుంది. మొదటి మాట కెమిస్ట్రీ దగ్గర మొదలవుతుంది. పోయినసారి కన్నా ఎందుకు తగ్గాయి, పక్కింటి వాళ్లమ్మాయికి ఎన్ని వచ్చాయి, ఈ బ్యాచ్‌లోనే ఉంచుతారా, కింది బ్యాచ్‌కు మారుస్తారా. తల్లి ఫోన్ అందుకుని ‘తిన్నావా నాన్నా’ అనేసరికి టైమ్ అయిపోతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనో, గదిలో ఒకరితో పడటం లేదనో చెప్పాలనుకున్న బిడ్డ ‘సరే డాడీ’ అని పెట్టేస్తుంది. మార్కులు అడగడానికి కాలేజీలో డీన్ ఉన్నాడు, ఏవో ఉన్నాడు, ప్రతి సబ్జెక్టుకూ లెక్చరర్ ఉన్నాడు. నిద్ర గురించి అడిగేవాళ్లు ఇంటి దగ్గర తప్ప ఎక్కడా లేరు. ఆ పది నిమిషాలను కూడా మార్కులకే ఇచ్చేయడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన ఒక బాలిక తండ్రి వేసిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరిముందూ చిన్నబుచ్చవద్దని, స్తోమతకు మించిన లక్ష్యాలు పెట్టవద్దని అందులో ఉంది. వందమందికి పైగా విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలని ఉంది. ఇవి అమలు చేయించే అధికారం ప్రభుత్వాలదే అయినా, ‘మావాడిని స్టార్ బ్యాచ్‌లో వేయండి’ అని అడిగే గొంతు మాత్రం ఇళ్ల నుంచే వెళ్తోంది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరు, వారానికి ఎన్ని రోజులు వస్తారు అని ఫీజు కట్టే రోజునే అడిగే తల్లిదండ్రులు పదిమంది ఉంటే యాజమాన్యం కదులుతుంది.

ఇక కాగితాల సంగతి. వినడానికి చిన్న విషయం, దీనివల్ల పోయే సీట్లు మాత్రం పెద్దవి. జేఈఈ కౌన్సెలింగ్‌లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినవే చెల్లుతాయి. కేంద్రం నమూనా వేరు, రాష్ట్రం నమూనా వేరు. మీసేవలో తీసిన బీసీ సర్టిఫికెట్ ఈఏపీసెట్‌కు సరిపోతుంది, జేఈఈకి సరిపోదు. రాష్ట్రంలో బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఫలితాలు వచ్చాక తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే అక్కడ అప్పటికే వందల దరఖాస్తులు. గడువులోగా పత్రం చేతికి రాకపోతే రిజర్వుడు అభ్యర్థి జనరల్ కేటగిరీలోకి వెళ్లిపోతాడు. రెండేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి తెచ్చుకున్న కేటగిరీ ర్యాంకు అక్కడితో కొరగాకుండా పోతుంది. పుట్టిన తేదీ, ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో మరోలా ఉంటే అదో తిప్పట. వీటిని సరిచేయించడం హాస్టల్లో ఉన్న పిల్లల చేతిలో పని కాదు.

డబ్బు గురించి మాట్లాడటానికి మన ఇళ్లలో మొహమాటం ఎక్కువ. ‘నువ్వు చదువు, మిగతాది మేం చూసుకుంటాం’ అంటారు ప్రేమగా. ర్యాంకు వచ్చాక అప్పుల లెక్క బయటపడుతుంది. హైదరాబాద్‌లో పేరున్న కొన్ని ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా ఫీజే ఏడాదికి లక్షన్నర దాటింది. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థికి పదివేల లోపు ర్యాంకు అయితే పూర్తి ఫీజు వస్తుంది. దాటితే సాధారణంగా వచ్చేది 35 వేలే. మిగిలిన లక్షకు పైచిలుకు ఇంటి నుంచి, నాలుగేళ్ల పాటు. ఇది ముందే తెలిస్తే ఆప్షన్ల వరుస మారుతుంది. అదే సమయంలో ఐఐటీ ఖర్చు మోయలేమని మొదటే వెనక్కి తగ్గే కుటుంబాలూ ఉన్నాయి. అక్కడ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. ఏటా లక్ష రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పూర్తిగా, 5 లక్షల లోపు వారికి మూడింట రెండు వంతులు మాఫీ చేస్తారు. పేరున్న జాతీయ సంస్థలో సీటు వచ్చిన పిల్లలకు హామీ లేకుండా రుణమిచ్చే పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని 2024 నవంబరులో కేంద్రం ఆమోదించింది. ఆదాయం ఎంత, ఎంతవరకు పెట్టగలం, అప్పు ఎంత వరకు సమ్మతం అని ఇంటర్ మొదటి ఏడాదిలోనే పిల్లలకు చెప్పడం వాళ్లను భయపెట్టడం కాదు. వాళ్లను లెక్కలో మనిషిగా చూడటం.

ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట మిగిలి ఉంది. ఐఐటీలు, ఎన్ఐటీల్లో అమ్మాయిల సంఖ్య పెంచడానికి 2018 నుంచి వాళ్లకు అదనపు సీట్లు కేటాయిస్తున్నారు. రెండేళ్లు జేఈఈ చదివించి, సిల్చార్‌లోనో అగర్తలాలోనో సీటు వచ్చిందని తెలిశాక ‘అంత దూరం ఎలా పంపుతాం’ అనడం ఎన్నో ఇళ్లలో వినిపిస్తుంది. పంపలేమన్న అభిప్రాయం ఉంటే అది ఆప్షన్లు పెట్టే రోజుకు దాచుకోవాల్సింది కాదు. నా అభిప్రాయం అడిగితే, పంపాలి. హాస్టల్ ఎలా ఉందో, రైలు ఎక్కడ మారాలో, అక్కడ చదువుతున్న తెలుగు పిల్లలు ఎవరున్నారో కనుక్కుంటే ఆ భయంలో చాలా భాగం పోతుంది. కొడుకు విషయంలో ఎవరూ అడగని ప్రశ్నను కూతురి ర్యాంకు ముందు పెట్టడం ఆ పిల్ల రెండేళ్ల శ్రమను తక్కువ చేయడమే.

వేసవి చివర్లో వెబ్ ఆప్షన్లు మొదలైన రోజుల్లో ఏ జిల్లా కేంద్రంలోనైనా నెట్ సెంటర్‌కు వెళ్లి చూడండి. కుర్చీలో సెంటర్ నడిపే కుర్రాడు, పక్కన నోట్‌బుక్ కాగితం పట్టుకుని తండ్రి, వెనుక గోడకు ఆనుకుని కొడుకు. కాగితం మీద నాలుగక్షరాల కాలేజీ కోడ్‌లు, వాటి పక్కన బ్రాంచి కోడ్‌లు. ఆ కాగితం రాసిచ్చింది తెలిసిన మాస్టారో, ఏదో ప్రైవేటు కాలేజీ తరఫున తిరిగే మనిషో. తండ్రి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఆయన పైకి చదివి వినిపిస్తాడు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని అధికారులు హెచ్చరిస్తూనే ఉంటారు. అరగంటలో ముప్పై ఆప్షన్లు పడిపోతాయి, ఫ్రీజ్ నొక్కేస్తారు. కొడుకును ఒక్క మాటా అడగరు.

ఇక్కడ జరిగే తప్పుల్లో అతి సాధారణమైనది, వస్తుందనుకున్న కాలేజీని మొదట పెట్టడం. పైన పెద్ద కాలేజీ పెడితే కింద ఉన్నది కూడా పోతుందని భయం. అలా పోదు. కంప్యూటర్ మీ ర్యాంకుకు మొదటి ఆప్షన్‌లో సీటు ఉందేమో చూస్తుంది, లేకపోతే రెండోదానికి వెళ్తుంది, అక్కడా లేకపోతే మూడోది. ముందున్న సీటు దొరికితే ఆగిపోతుంది. కాబట్టి రాకపోయినా సరే, ఇష్టమైనదే పైన ఉండాలి. ఇష్టం లేనిది ఎంత సులభంగా వచ్చేదైనా పైకి రాకూడదు. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతన్నది కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఒక ఆదివారం పూట ఆ పట్టిక ముందేసుకుని తండ్రీకొడుకులు కూర్చుంటే ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. కన్వీనర్ కోటా సీట్లలో సగానికి పైగా ఇప్పుడు కంప్యూటర్ సంబంధిత బ్రాంచీలవే. లాబ్‌లూ లెక్చరర్లూ లేని కాలేజీలో ఆ బ్రాంచి పేరు కోసం చేరడం కన్నా, మంచి కాలేజీలో ఎలక్ట్రికలో సివిలో తీసుకోవడం మేలన్న మాట వాదనకైనా ఇంట్లో రావాలి.

అన్నీ చేసినా అనుకున్నది రాకపోవచ్చు. ఐఐటీ సీట్లు దేశమంతటికీ దాదాపు 18 వేలు, జేఈఈ మెయిన్‌కు నమోదు చేసుకునేవారు 15 లక్షల దరిదాపు. రాని వారే ఎప్పుడూ ఎక్కువ. ఫలితాల రోజున ఇంట్లో మొదటి గంట ఎలా గడుస్తుందన్నది ఆ పిల్లలకు జీవితమంతా గుర్తుండిపోతుంది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో దొర్లిన తప్పులు ఎవరూ మరిచిపోకూడదు. తెలుగులో సున్నా వచ్చినట్టు చూపిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు తప్పు పడొచ్చు, రీవెరిఫికేషన్ ఉంది. నిజంగానే తప్పినా కొద్ది వారాల్లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఎంపీసీ వారికి ఐసర్‌లు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల కోర్సులు ఉన్నాయి. బైపీసీ వారికి ఈఏపీసెట్ ర్యాంకుతో వ్యవసాయం, ఉద్యానవనం, ఫార్మసీ ఉన్నాయి. ఈ దారుల పేర్లు ఫలితాలకు ముందే ఇంట్లో పదిసార్లు వినపడి ఉంటే ఆ గంట వేరుగా ఉంటుంది. బిడ్డ మౌనంగా మారినా, తిండి మానేసినా 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ నంబరు అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

తల్లిదండ్రులకే అన్నీ వదిలేసి ప్రభుత్వాలు తప్పుకోవడానికి లేదు. కూలికి వెళ్లే తండ్రి, చదువురాని తల్లి జీవోలు వెతుక్కుని చదవలేరు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను దసరా సెలవుల లోపు ఒక్కసారి బడికి పిలిపించి, ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి, ఏ ఊళ్లో చదివితే ఏ కోటా, ఏ పత్రం ఎప్పుడు తీసుకోవాలో తెలుగులో అచ్చువేసిన నాలుగు పేజీలు చేతిలో పెట్టడం ఇంటర్ బోర్డులకు అసాధ్యమేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో తహసీల్దారు ఆఫీసుల్లో విద్యార్థులకు విడిగా ఒక కౌంటర్ పెట్టాలి. వెబ్ ఆప్షన్ల వారం రోజులూ మండలాల్లో ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీలను తెరిచి, ఒక్కోదానికి ఇద్దరు లెక్చరర్లను, నాలుగు కంప్యూటర్లను కేటాయించాలి. వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లోనే ఈ మాట చేర్చవచ్చు.