మరుభూమి మార్గమున యాత్రికుల విన్నపము

రాజస్థాన రాష్ట్ర పర్యాటక శాఖవారికి,



మాఘపూర్ణిమతో ముగియు జైసల్మేరు మరు మహోత్సవమును కన్నులార చూడవలెనను కోరికతో హైదరాబాదునుండి కారులో బయలుదేర నిశ్చయించి, పటము ముందుంచుకొని మజిలీలు లెక్కించుకొనుచున్న మాకు, జోధపురమువఱకు లేని చింత, అచ్చటనుండి పోఖరణ్ మీదుగా జైసల్మేరునకుఁ బోవు సుమారు 280 కిలోమీటర్ల త్రోవను తలంచినంతనే కలిగినది.

మహమ్మదీయులయ్యును హిందూ గృహములకు తరతరములుగా ఆస్థాన గాయకులైన మాంగణియారుల కమాయిచా వాద్యనాదమును వెన్నెలలో వినుటకు ఎంతదూరమైనను రాఁదగును. అయితే ఉత్సవపు కడపటి వేడుక జరుగు సమ్ ఇసుకతిన్నెలనుండి జైసల్మేరునకు గల 40 కిలోమీటర్లను ఉత్సవము ముగిసిన రాత్రి జనులందఱు ఒక్కసారిగా దాఁటవలసియున్నది. ఈ రెండు త్రోవలలోను ఒంటెలు రోడ్డుపైకి వచ్చుట సామాన్యము; మా చింతకు కారణమిదియే. కారు దీపముల వెలుఁగు వాని సన్నని కాళ్లకు తగులునేకాని పైనున్న దేహమునకు తగులదు. ఢీకొన్నచో ఆ బరువంతయు ముందఱి అద్దముపైఁ బడును. కావున ఒంటెల మెడలకును కాళ్లకును వెలుఁగును ప్రతిఫలించు పట్టీలు కట్టించి, త్రోవపొడవున హెచ్చరిక పలకలు నిలిపి, సమ్‌వద్ద అంబులెన్సును, త్రాగునీటిని సిద్ధపఱుపుఁడు.

మఱియొక విన్నపము: మా రోళ్లపాడు మైదానములలో మిక్కిలి అరుదైపోయిన బట్టమేకపిట్టకు జైసల్మేరు ప్రాంతమే నేఁడు ప్రధానాశ్రయము. దాని నెలవులలోనికి జీపులను పోనీయకుఁడు.

ఉత్సవ కార్యక్రమమును, ఈ యేర్పాట్లను పుష్యమాసమునకు ముందే ప్రకటింపుఁడని ప్రార్థించుచున్నాము.

ఇట్లు,
దక్షిణదేశ యాత్రికులు