కారింది ఇల్లు పాతదై కాదు

తంజావూరులోని మా పాత ఇంటి కప్పు కిందటేడు దీపావళి వానలకి కారింది. కారడం కొత్త కాదు, ఇన్నాళ్లూ గిన్నె పెట్టి సరిపెట్టుకున్నాం. ఈసారి ఒక దూలం గోడలో ఆనిన చోట పుచ్చి కిందికి జారింది. దాని కింది అలమరలోనే అవ్వ పెట్టె ఉంది. మర్నాడే చుట్టాల వాట్సాప్‌లో మాట మొదలైంది: "పాత ఇల్లు కదా, ఇంకెన్నాళ్లు ఆగుతుంది? పడగొట్టి ఫ్లాట్లు కట్టేద్దాం."

మేం దీనికి ఒప్పుకోం. ఇల్లు పాతదై కారలేదు, మేం చేయించిన రిపేరు వల్ల కారింది. ఇదే తప్పు కుంభకోణంలో, మదురైలో, చెన్నై తిరువల్లికేణిలో మనవాళ్ల ఇళ్లలోనూ చూశాం. అందుకే దాచకుండా రాస్తున్నాం.

ఇలాంటి కప్పుని మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద పలచటి చిన్న ఇటుకల్ని నిలువుగా సున్నంతో పేరుస్తారు. దానిపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, కొట్టి గట్టిచేసి, పైన పలక పెంకులు పరుస్తారు. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. సున్నం కాస్త తడి పీల్చినా ఎండ తగలగానే వదిలేస్తుంది. ఆ కప్పు అన్నేళ్లు నిలిచింది అందుకే.

ఎనిమిదేళ్ల కిందట ఒక చిన్న చెమ్మ మరకకి భయపడి, కంట్రాక్టరు మాట విని దానిమీద సిమెంటు పూత వేయించాం. రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత ఎండలకి సిమెంటులో వెంట్రుకంత పగుళ్లు వచ్చాయి. వాటిలోంచి దిగిన నీళ్లకి మళ్లీ పైకి ఆరే దారి లేదు, దూలంలోకి దిగాయి. లోపలి గోడకి వేసిన ప్లాస్టిక్ పెయింటు కథా అంతే. బుడగలు లేచి, వెనకాల తెల్లగా ఉప్పు పూసింది. రంగు చెడిందనుకుని మళ్లీ రంగే వేశాం. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని మాలో ఒక్కరూ మొట్టమాడి ఎక్కి చూడలేదు.

మా తాతగారి రోజుల్లో ఎక్కేవాళ్లు. మనకిక్కడ పెద్ద వాన గోదావరి వైపు చుట్టాలకిలా జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకని సెప్టెంబరులోనే ఒకరు పైకెక్కి, తూముల్లో ఆకులు తీసి, పిట్టగోడలో మొలిచిన రావి మొక్కని వేరుతో సహా పీకి, పగిలిన చోట సున్నం పెట్టించేవాళ్లు. ఇల్లు వాటాలై తలోచోటికి పోయాక మొదట ఆగిపోయింది ఈ పనే.

సున్నం పని తెలిసిన కొత్తనారు దొరకడం కష్టమే. కూలి ఎక్కువ, పని వారాల తరబడి సాగుతుంది. బెంగుళూరులో ఉద్యోగం చేసుకునేవాళ్లకి అంత సెలవు ఎక్కడిది అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. కానీ తూము శుభ్రం చేయడానికి ఒక ఆదివారం చాలు. సున్నం వేయించలేకపోతే పోనీ, సిమెంటు మాత్రం వేయించకండి. గోడ పూర్తిగా ఆరకముందే రంగూ వేయకండి.

ఇక పెట్టె సంగతి. అందులో అవ్వ రాసుకున్న తెలుగు నోటు పుస్తకాలున్నాయి. మేమంతా బడిలో తమిళం చదివాం, తెలుగు అక్షరాలు ఆ పుస్తకాలు చూసే దిద్దుకున్నాం. ఇంకు పెన్నుతో రాసిన పేజీలు నీలం నీళ్లయిపోయాయి. పెన్సిలుతో రాసుకున్న ఊరగాయల లెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. తొందరపడి మొదటి పుస్తకాన్ని ఎండలో పెట్టాం, కాగితం వంకర్లు పోయింది. తక్కినవాటికి పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, తడిసినప్పుడల్లా మారుస్తూ, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాం. అంటుకున్న పేజీల్ని బలవంతంగా లాగలేదు. నాలుగు పుస్తకాలు దక్కాయి. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే గోడ అలమరలోంచి ఇవాళే తీసి, ఫోటోలు తీసి పెట్టుకోండి.

పడగొట్టాలా వద్దా అన్నది అందరం కూర్చుని తేల్చుకోవాల్సిందే. దానికి ముందు ఈ సెప్టెంబరులో మొట్టమాడి ఎవరు ఎక్కుతారో చెప్పండి. మా వాటా తరఫున మేం వస్తున్నాం.