దీర్ఘాసి శిల చెప్పు సేనాని కథ

సేనాని కీర్తి రెండు విధముల నిలుచును. ఇతరులు వ్రాసిన చరిత్రవలన నిలుచుట ఒకటి. తాను వ్రాయించుకొన్న శాసనమువలన నిలుచుట మరియొకటి. మొదటిదానికి చీనాదేశము ప్రసిద్ధము. రెండవదానికి నిదర్శనము కళింగపట్నమునకు కొలది మైళ్ళ దూరముననే, దీర్ఘాసి గ్రామమున కలదు.

చీనాలో టాంగు వంశమువారి కాలమున గువో జియీ (697–781) అను సేనాని యుండెను. అతడు రాజ్యతంత్రమునందును ఆరితేరినవాడు. 755లో ఆన్ లూషాన్ తిరుగుబాటు సామ్రాజ్యమును కుదిపివేసినపుడు, రాజధానులను తిరిగి గెలిచినవారిలో అతడు ముఖ్యుడు. 765లో దండెత్తివచ్చిన వీగుర్ల శిబిరమునకు కొలదిమంది రౌతులతో పోయి, మాటలతోనే వారిని తనవైపు త్రిప్పుకొనెను. ఒక రాజవంశము అంతరించిన పిదప దాని చరిత్రను వ్రాయించుట తరువాతి ప్రభుత్వము తన విధిగా నెంచుట అచటి ఆచారము. అందువలన 945లో ముగిసిన టాంగు చరిత్రలోను, 1060లో ముగిసిన నూతన టాంగు చరిత్రలోను గువో జియీ జీవితమునకు స్థానము లభించినది.

ఆ రెండవ గ్రంథము ముగిసిన పదునైదేండ్లకు, శక సంవత్సరము 997లో, అనగా క్రీ.శ. 1075 ప్రాంతమున, దీర్ఘాసి శాసనము వెలసినది. దానిని వేయించినవాడు బాణపతి. ఇతనినే వనపతి యనియు వ్యవహరింతురు. ఇతడు బ్రాహ్మణుడు, కళింగమునేలిన తూర్పు గంగరాజు రాజరాజదేవేంద్రవర్మకు సేనాని. ఈ రాజరాజు వేరు, నన్నయభట్టును పోషించిన వేంగి రాజరాజనరేంద్రుడు వేరు. విద్యార్థులు ఈ భేదమును గుర్తింపవలెను. శాసనము సంస్కృతాంధ్రములు రెండింటను ఉన్నది. నన్నయ కాలమునకు కొలది యేండ్ల తరువాత, వంశధారా ప్రాంతమున, సేనాని తన చరిత్రను చెప్పుకొనుటకు సంస్కృతముతోపాటు తెలుగును గ్రహించెననుట సామాన్య విషయము కాదు.

శిల యేమి చెప్పుచున్నది? బాణపతి వేంగి, కిమిడి, కోసల, గిడ్రిసింగి, ఓడ్డదేశము మొదలగువానిని జయించెననియు, భగవతీదేవి గుడి యెదుట మండపమును కట్టించి అఖండదీపము నిలిపెననియు చెప్పుచున్నది. రాజరాజు కుమారుడగు చోడగంగుని తామ్రశాసనములును ఈ కాలపు యుద్ధములను ప్రస్తావించినవి. రాజరాజు ద్రమిళులతో పోరి గెలిచెననియు, పిదప చోళరాజపుత్రి రాజసుందరిని వివాహమాడెననియు వానివలన తెలియుచున్నది. తామ్రశాసనములు గెలుపును రాజునకు కట్టినవి. దీర్ఘాసి శిల సేనానికి కట్టినది. రాజు రాగిరేకుపై వ్రాయించినను, సేనాని రాతిపై చెక్కించినను, ఎవరి కీర్తిని వారే చాటుకొనిరి. మూడవవాడు కూర్చుండి ఇరువురి మాటలను తూచి వ్రాసిన చరిత్ర మనకు దక్కలేదు. ఆ తూచు పని చదువరిపై పడినది.

అట్లు తూచినచో కొన్ని సంగతులు తేటపడును. ఓడ్డదేశమును 1075 నాటికే కళింగమున కలిపివేసియున్నచో, 1078లో పట్టాభిషిక్తుడైన చోడగంగుడు పండ్రెండవ శతాబ్ది ఆరంభమున ఉత్కలమును మరల గెలువవలసిన పని యేల? కావున శాసనములలో జయించుట యనగా ఏలుకొనుట యని యెల్లయెడల అర్థము కాదు. దండెత్తుట, కప్పము గొనుట, ఒక పోరున పైచేయి పొందుట, ఇవన్నియు ఆ మాటలో ఇముడును. ఇందువలన బాణపతి అసత్యమాడెనని చెప్పుట లేదు. ప్రశస్తి యొక సాహిత్యప్రక్రియ. దానికి తన అలంకారములు దానికి కలవు. వేంగిలో జరిగినదానిని దీర్ఘాసి రైతు కన్నులార చూడజాలడు. మండపము నిలిచెనా, దీపము వెలిగెనా యనునవి మాత్రము అతనికి ప్రత్యక్షములు. శిలపై నున్న మాటలలో మిక్కిలి నమ్మదగినవి విజయములు కావు, ఆ మండపమును దీపమునే.

ఈ శాసనమును చదివి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున (1896–97) లోకమునకందించినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. ఆనాటికి వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించి, చిన్ననాట చూచిన ఆలయశాసనములపై మక్కువతో ప్రాచీన లిపులను నేర్చినవారు. వారు వాడుకభాషోద్యమ నాయకులుగా అందరికి తెలిసినవారే. శాసన పరిశోధకులుగా వారిని తలచువారు తక్కువ. చీనాలో రాజాస్థానము నియమించిన పండితులు చేసిన పనికి ఇచట ఒక బడిపంతులు పూనుకొనెను.

మన విద్యార్థులు దూరదేశముల సేనానుల పేర్లు నేర్చుట మంచిదే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పాఠశాలలలో బాణపతి పేరును వినబడుట అంతకంటె అవసరము. అతనిని మహావీరుడని కంఠస్థము చేయించుట దీనికి మార్గము కాదు. శాసనమును ముందుంచి మూడు ప్రశ్నలు వేయించిన చాలును: దీనిని వేయించినవాడెవడు? ఎవరికొరకు వేయించెను? ఇందలి మాటకు వేరొక సాక్ష్యము కలదా? ఈ ప్రశ్నలకు ఉపాధ్యాయుడు పెద్ద గ్రంథాలయమును వెదకనక్కరలేదు. ఊరి గుడిగోడపై నున్న నాలుగు పంక్తులతోనే ఆరంభింపవచ్చును.