పొలం సొత్తుకు తగిన తాళం
ఆర్మూర్ ప్రాంత పసుపు రైతులకు, సహకార సంఘాలకు, గ్రామాభివృద్ధి కమిటీలకు విజ్ఞప్తి

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో పసుపు రైతు తొమ్మిది నెలల కష్టానికి కాపలాగా మిగిలేది తరచుగా కిరాణా దుకాణంలో కొన్న చిన్న తాళంకప్ప ఒక్కటే. మోటారు స్టార్టర్ పెట్టెకు ఏ కప్ప వేస్తున్నారో బస్తాలు పేర్చిన గదికీ అదే వేస్తున్నారు. ఆ కప్ప ఎంత దెబ్బకు ఆగుతుందో, అది వేలాడే గొళ్ళెం ఎంత బలమైనదో చూసే అలవాటు మాత్రం లేదు. ఈ అలవాటు మారాలన్నదే ఈ కరపత్రం ఉద్దేశం. తాళం కొనడం ఎవరికి వారు చివరి నిమిషంలో ముగించే పనిగా ఉండకూడదు. వస్తువు విలువను, అది ఉండే చోటును, దాని దగ్గర మనిషి లేని సమయాన్ని లెక్కవేసి, పసుపు తవ్వకాలు మొదలయ్యే జనవరికి ముందే సహకార సంఘం ద్వారా ఊరంతా కలిసి చేసే పనిగా అది మారాలి.

ధర మారింది, తాళం మారలేదు

2019 ఫిబ్రవరిలో రైతులు ఆర్మూర్ వద్ద జాతీయ రహదారిపై బైఠాయించి పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర అడిగిన రోజుల్లో పసుపు క్వింటాలు ధర అయిదారు వేల రూపాయల దగ్గర ఉండేది. 2024 మార్చి నాటికి నిజామాబాద్ మార్కెట్ యార్డులో మేలురకం కొమ్ము ధర పదిహేను వేలు దాటింది. రైతు ఇంట్లో అదే గదిలో అన్నే బస్తాలు ఉన్నా వాటి విలువ రెండింతలకు మించి పెరిగిందన్నమాట. ఆ గదికి వేసే తాళం మాత్రం వెనుకటిదే.

పసుపు దొంగకు అనువైన సరుకు కూడా. తవ్విన దుంపలను ఉడికించి, పది పదిహేను రోజులు కల్లంలో ఆరబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టేదాకా పంట ఆరుబయటే ఉంటుంది. ఆ తరువాత ధర కోసం ఎదురుచూసే రైతు ఇంట్లో అది నెలల తరబడి నిలవ ఉంటుంది. బస్తాపై యజమాని పేరు ఉండదు, ఒక పొలం కొమ్ముకూ మరో పొలం కొమ్ముకూ చూపులో తేడా తెలియదు, కనుక పోయిన సరుకు కళ్ళెదుట కనిపించినా తనదేనని నిరూపించడం రైతుకు కష్టం. ఆర్మూర్ 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట ఉండడం వ్యాపారానికి ఎంత మేలు చేసిందో, రాత్రి ఎత్తిన సరుకు తెల్లవారేలోగా జిల్లా దాటిపోవడానికీ అంత వీలు కల్పించింది.

కాపలా తీరు కూడా మారింది. రాత్రి కరెంటు కోసం పొలంలోనే పడుకునే రోజుల్లో మోటారు దగ్గర మనిషి ఉండేవాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యాక ఆ అవస్థ చాలావరకు తప్పింది, కానీ దానితోపాటు ఆ కాపలా కూడా పోయింది. ఇంటి మగవారు గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కుటుంబాల్లో పొలమూ, సరుకు గదీ చూసుకునే భారం ముసలివారిపై, ఆడవారిపై పడుతున్నది. మనిషి లేని చోట తాళమే కాపలాదారు అయినప్పుడు, ఆ కాపలాదారును ఎంచుకునే పనిని తేలికగా తీసుకోవడం తగదు.

కప్ప ఒక్కటే తాళం కాదు

తాళం అన్న మాట కప్పను మాత్రమే గుర్తుకు తెస్తుంది గానీ, నిజానికి కాపుదల నాలుగు భాగాల వరుస: కప్ప, అది పట్టే గొళ్ళెం, గొళ్ళేన్ని తలుపుకు బిగించిన మరలు, తలుపును గోడకు పట్టి ఉంచే చట్రమూ మడతబందులూ. దొంగ ఈ నాలుగింటిలో బలహీనమైన దానినే ఎంచుకుంటాడు. పన్నెండు వందల రూపాయల కప్పను రెండంగుళాల మరలతో బిగించిన రేకు గొళ్ళేనికి తగిలిస్తే, ఒక గడ్డపార పోటుకు గొళ్ళెం ఊడి, కప్ప చెక్కుచెదరకుండా కింద పడుతుంది. అందుచేత కప్ప కొనే ముందు గొళ్ళేన్ని చూడాలి. గొళ్ళెం మందపాటి ఉక్కు పట్టీతో చేసినదై, మరలకు బదులు తలుపు లోపలివైపు నట్టు బిగించే బోల్టులతో అమర్చినదై, మూసినప్పుడు ఆ బోల్టుల తలలు బయటికి కనిపించనిదై ఉండాలి. ఇనుప తలుపులకు గొళ్ళేన్ని వెల్డింగ్ చేయించడం ఇంకా మేలు. మడతబందుల కడ్డీలు తలుపు బయటివైపు ఉంటే వాటి కొసలను కూడా వెల్డింగ్ చేయించాలి, లేకపోతే తాళాన్ని ముట్టుకోకుండానే తలుపును రెండో వైపు నుంచి ఊడదీయవచ్చు.

కప్పను ఎన్నుకునే పద్ధతి

కప్పలో ముందుగా చూడవలసింది కొక్కెం, అంటే గొళ్ళెంలో దూరే వంపు కడ్డీ. రంపమూ, బోల్ట్ కట్టరూ దాడి చేసేది దానిమీదే. ఆరేడు మిల్లీమీటర్ల మామూలు ఇనుప కొక్కేన్ని చేతి కట్టర్ ఒక్క నొక్కుకు తెంచుతుంది. పది మిల్లీమీటర్లకు పైబడిన గట్టిపరచిన ఉక్కు కొక్కేనికి పెద్ద పరికరమూ, చాలా బలమూ కావాలి. గట్టిపరచిన ఉక్కు అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చడం ద్వారా పైపొర కాఠిన్యం పెంచిన ఉక్కు. దానిమీద ఆకురాయితో గీస్తే గాటు పడకుండా జారిపోతుంది. కొక్కేనికి ఇరువైపులా కప్ప భుజాలు పైకి లేచి, కడ్డీ కొద్దిగా మాత్రమే బయటికి కనిపించే రకంలో కట్టర్ నోరు పెట్టడానికే చోటు దొరకదు కనుక, సరుకు గదులకు అటువంటిదే తగినది.

రెండవది లోపలి యంత్రం. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి లివర్ తాళాలు. వాటిలో పలుచని లోహపు పలకలు కొన్ని ఒకదానిపై ఒకటి ఉంటాయి, సరైన తాళంచెవి తిరిగినప్పుడు మాత్రమే ప్రతి పలకా తనకు నిర్ణయించిన ఎత్తుకు లేచి గడియను వదులుతుంది. పలకల సంఖ్య పెరిగే కొద్దీ, మరో తాళంచెవితోనో వంచిన తీగతోనో తెరవడం కష్టమవుతుంది కాబట్టి ఆరు లివర్లకు తగ్గనిదాన్ని తీసుకోవాలి. 1851లో లండన్ మహాప్రదర్శన సమయంలో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు అభేద్యమని పేరుపడ్డ తాళాలను తెరిచి చూపాడు. తెరవలేని తాళమంటూ లేదని, తెరవడానికి పట్టే సమయమే తాళం విలువ అని తాళాల ప్రపంచం ఆనాడే గ్రహించింది.

మూడవది ప్రమాణం. తాళంకప్పలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 275 అనే నిర్దేశం రూపొందించింది. ఐరోపాలో ఈఎన్ 12320 అనే ప్రమాణం కప్పలను బలాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు తరగతులుగా విభజిస్తుంది. పెట్టెపై ఏ ప్రమాణమూ లేకుండా 'హెవీ డ్యూటీ' అని మాత్రమే రాసి ఉంటే దానిని హామీగా తీసుకోకూడదు. నాలుగవది వాతావరణం. ఉడకబెట్టే చోటి ఆవిరీ, పాలిష్ పట్టేటప్పుడు లేచే ధూళీ కప్పలోకి చేరి దాన్ని బిగుసుకుపోయేలా చేస్తాయి. నూనె ధూళిని పట్టి ఉంచుతుంది కనుక గ్రాఫైట్ పొడి వాడడం, వాన పడే చోట రంధ్రానికి మూత ఉన్న కప్పను ఎంచుకోవడం మంచిది.

ధర విషయంలో సైకిళ్ళ యజమానులు పాటించే ఒక లెక్క రైతులకూ ఉపకరిస్తుంది: వస్తువు విలువలో సుమారు పదో వంతు దాని తాళానికి కేటాయించాలన్నది ఆ లెక్క. లక్షల విలువైన సరుకుకు అంత అక్కర లేకపోయినా, యాభై రూపాయల కప్ప చాలదన్న సంగతి దానివల్ల స్పష్టమవుతుంది.

ఆరుబయట వస్తువులకు వేరే ఉపాయం

బావి మోటారు, స్టార్టర్, కేబుల్ వైరు, స్ప్రింక్లర్ పైపులు గదిలో ఉండేవి కావు. ఇటువంటి చిక్కే మంచు కొండల్లో స్కీలు వాడేవారికీ ఉంది. స్కీలు అంటే మంచుపై జారడానికి కాళ్ళకు తగిలించుకునే పొడవైన పలకల జత. ఖరీదైన ఆ జతను భోజనశాల బయట వదలక తప్పనప్పుడు వారు రెండు పద్ధతులు పాటిస్తారు. కళ్ళెదుట ఉండే కొద్దిసేపటికి సన్నని తీగ తాళం వేస్తారు. అంతకంటే ముఖ్యంగా, జతలోని ఒక్కో పలకను ఒక్కో చోట నిలబెడతారు, ఒంటి పలక దొంగకు పనికిరాదు కాబట్టి.

ఈ రెండు సూత్రాలూ ఆర్మూర్ పొలాలకు వర్తిస్తాయి. ప్లాస్టిక్ తొడుగులో ఉక్కు పోగులు అల్లిన తీగ తాళం తేలికైనదే గానీ కట్టర్‌కు క్షణంలో లొంగుతుంది. యార్డులో బండి పక్కన పది నిమిషాలకు అది సరిపోతుంది, రాత్రికి సరిపోదు. రాత్రి వదలవలసిన మోటారుకు గట్టిపరచిన ఉక్కు గొలుసు కావాలి, ఆ గొలుసు కాంక్రీటులో పూడ్చిన ఇనుప కడియానికి తగలాలి. కదిలే వస్తువును కదిలే వస్తువుకే కట్టడంవల్ల ప్రయోజనం లేదు. పంట లేని నెలల్లో స్టార్టర్‌నూ, బయట ఉన్న కేబుల్‌నూ విప్పి ఇంట పెట్టడం, పైపులనూ వాటి నాజిళ్ళనూ వేర్వేరు చోట్ల ఉంచడం జతను విడదీసే పద్ధతే. దానికి ఖర్చు కూడా లేదు.

తాళంచెవి ఎవరి చేతిలో

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత తాళంచెవుల విషయంలో అక్షరాలా నిజం. పాలిష్ పట్టే రోజుల్లో చేతులు మారిన తాళంచెవికి నకలు చేయించడానికి కొద్ది నిమిషాలు చాలు. సీజన్ మొదలయ్యే ముందు సరుకు గది తాళాన్ని మార్చడం, అదనపు చెవులు మరొకరి ఇంట భద్రపరచడం, మామూలు దుకాణంలో నకలు చేయడం కష్టమైన గుంటల చెవులున్న తాళాన్ని ఎంచుకోవడం ఇందుకు తగిన జాగ్రత్తలు.

ఊరు కలిసి చేయవలసిన పనులు

ఒక్క ఇంటికే మంచి తాళం ఉంటే దొంగ పక్కింటికి వెళతాడు. ఊరంతటికీ ఉంటేనే ఊరికి రక్షణ. కనుక ఈ క్రింది పనులను ఏటా డిసెంబరులోగా పూర్తి చేయాలి.

ఒకటి: ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, అంటే రైతులు సొసైటీ అని పిలిచే సంస్థ, నాలుగైదు రకాల కప్పలనూ గొలుసులనూ తెప్పించి, సభ్యుల ఎదుట రంపంతో, కట్టర్‌తో పరీక్షించి, నిలిచిన వాటిని టోకు ధరకు కొని, వాయిదాలపై ఇవ్వాలి.

రెండు: గ్రామ పంచాయతీలు ఉమ్మడి కల్లాల దగ్గర, మార్కెట్ కమిటీలు యార్డు షెడ్లలో కాంక్రీటు కడియాలను పాతించాలి.

మూడు: ప్రతి మోటారుపై, స్టార్టర్‌పై రైతు గుర్తు సంఖ్యను చెరగని విధంగా చెక్కించి, ఆ సంఖ్యను సొసైటీ పుస్తకంలో నమోదు చేయాలి, బస్తాలపైనా అదే గుర్తు వేయాలి.

నాలుగు: పాత ఇనుము, రాగి కొనే దుకాణాలు అమ్మినవారి వివరాలు రాసుకోకుండా మోటారు భాగాలు కొనరాదని గ్రామాభివృద్ధి కమిటీలు తీర్మానించాలి. దొంగసొత్తు అని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమన్న సంగతిని ఆ దుకాణదారులకు తెలియజేయాలి.

అయిదు: దొంగతనం జరిగితే ఎవరూ ఊరిలోనే సర్దుకుపోకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా అందాలి. తెగిన తాళాన్ని పారేయకుండా ఫొటో తీసి దాచాలి. దొంగతనం బీమా పాలసీలు సాధారణంగా బలవంతంగా చొరబడిన ఆనవాలు ఉంటేనే పరిహారం ఇస్తాయి.

వినిపించే అభ్యంతరాలు

పట్టుదల ఉన్న దొంగను ఏ తాళమూ ఆపదన్నది మొదటి అభ్యంతరం. బ్యాటరీతో నడిచే గ్రైండర్ ముందు చాలా తాళాలు ఎక్కువసేపు నిలవవన్నది నిజమే, కానీ ఆ యంత్రం చేసే చప్పుడుకు ఊరు లేస్తుంది. నిశ్శబ్దంగా, వేగంగా పని ముగించే అవకాశాన్ని దొంగకు లేకుండా చేయడమే తాళం పని. చిన్న రైతుకూ, కౌలు రైతుకూ ఖర్చు భారమన్నది రెండవది, న్యాయమైనది. సొసైటీ ద్వారా టోకు కొనుగోలు, వాయిదాలు కోరుతున్నది అందుకే. పెద్ద మొత్తంలో సరుకు నిలవ చేసేవారు ఇంటి గదిని నమ్ముకోకుండా శీతల గిడ్డంగులను, నమోదైన గోదాములను ఆశ్రయించడం ఉత్తమం. 2007 నాటి గోదాముల చట్టం కింద నమోదైన గోదాము ఇచ్చే రసీదుపై బ్యాంకు రుణం పొందే వీలూ ఉంది.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచి, పసుపు బోర్డు కోరికను దేశం దృష్టికి తెచ్చారు. 2025 జనవరి 14న ఆ బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. ధర కోసం అంత ఐక్యతతో నిలబడ్డ రైతాంగానికి, ఆ ధర పలికే సరుకును కాపాడుకోవడానికి కలిసిరావడం అసాధ్యం కాదు. ప్రతి సొసైటీ రాబోయే సర్వసభ్య సమావేశంలో తాళాల ఉమ్మడి కొనుగోలును ఎజెండాలో చేర్చాలి, ప్రతి సభ్యుడూ ఆ సమావేశానికి హాజరై తీర్మానానికి మద్దతు తెలపాలి, తొలి కల్లంలో పసుపు ఆరబోసే నాటికి ఊరిలోని ప్రతి సరుకు గదికీ, ప్రతి మోటారుకూ పరీక్షకు నిలిచిన తాళం పడాలి.