సగం టికెట్టుకు నిండు బేరం

— బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, బెల్లంకొండ

కిందటేడు జూలైలో ఒక సోమవారం. బెల్లంకొండలో ప్యాసింజరు ఎక్కి గుంటూరు వస్తున్నాను. సత్తెనపల్లిలో టి.టి.ఇ. గారు మా పెట్టెలోకి వచ్చారు. "ఏం బాబూ, టికెట్టేదీ?" అన్నారు. జేబులు తడుముకున్నట్టు నటించాను. అలాంటి నటనలు ఆయన రోజుకెన్ని చూస్తారో! పక్కనే కూర్చుని రసీదు పుస్తకం తీశారు. ఛార్జీ, దానిపైన 250 రూపాయల అపరాధ రుసుం. కెమిస్ట్రీ రికార్డుకీ లాబ్ కోటుకీ అమ్మ ఇచ్చిన డబ్బు అలా పోయింది. పెట్టెలో మా ఊరివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు నన్ను చూడనట్టు కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. ఆ మర్యాదే నాకు జరిమానా కంటే ఎక్కువ కష్టమనిపించింది.

తప్పు నాదే. దాన్ని ఇంకొకరి మీదికి నెట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నా సీజన్ టికెట్టు గడువు జూన్ నెలాఖరుకి అయిపోయింది. కొత్త పాసుకి కావలసిన సర్టిఫికెట్టు కోసం ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. "రేపు రావయ్యా" అన్నారు. రేపు వెళితే "సారు మీటింగులో ఉన్నారు" అన్నారు. ఎల్లుండి వెళితే "ఫారాల పుస్తకం అయిపోయింది, తెప్పించాలి" అన్నారు. అప్పుడైనా మామూలు టికెట్టు కొనుక్కుని రైలెక్కొచ్చు. "ఇయ్యాలో రేపో పాసు వస్తది గదా, ఈ రెండ్రోజులకి దండగెందుకు" అనుకున్నాను. ఆ రెండ్రోజులూ సాగి మూడు వారాలయ్యాయి.

మిత్రులకు చెబితే నవ్వారు. "ఒకరోజు దొరికితే దొరికావు, మిగతా నెలంతా ఊరికే తిరిగావు గదరా, లెక్కేసుకో, లాభమే" అన్నాడు ఒకడు. ఇది మన కాలేజీల్లో తరాలుగా వస్తున్న మాట. టికెట్టు లేని ప్రయాణం ఒక వీరగాథ. ఈ సంచికను చదివే పూర్వ విద్యార్థుల్లో కూడా కొందరు ఇక్కడికి రాగానే చిన్నగా నవ్వుకుంటారని నాకు తెలుసు. కాని ఆ నవ్వు వెనక ఒక సంగతి దాగి ఉంది. మనకి చట్టబద్ధంగా రావలసిన తగ్గింపు ఉంది. దాన్ని తెచ్చుకునే ఓపికా పద్ధతీ లేక, దొంగదారిని వీరత్వమని పిలుచుకుంటున్నాం.

మనకి ఉన్నదేమిటో ముందు చూద్దాం. ఇంటికీ కాలేజీకీ మధ్య తిరిగే విద్యార్థికి రెండవ తరగతి సీజన్ టికెట్టులో సగం తగ్గింపు. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు ముప్పాతిక తగ్గింపు. సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు, విజ్ఞాన యాత్రలకు వెళ్ళేటప్పుడు రెండవ తరగతిలోనూ స్లీపరులోనూ ఇవే తగ్గింపులు. ఆడపిల్లలకు డిగ్రీ పూర్తయ్యేదాకా, మగపిల్లలకు పన్నెండవ తరగతి దాకా, ఇంటి నుంచి చదువుకునే చోటికి నెలవారీ పాసు పూర్తిగా ఉచితం. 2020 మార్చి 20న కరోనా పేరుతో రైల్వేవారు చాలా రాయితీలు ఆపేశారు. వయోవృద్ధుల తగ్గింపు అప్పుడు పోయిందే, ఇంతవరకు తిరిగి రాలేదు. వికలాంగులతోను రోగులతోను పాటు నిలబడింది విద్యార్థుల రాయితీ. అంతమంది పోగొట్టుకున్న రోజున మనకి మిగిలిన వస్తువు అది. దాన్ని మనం ఎలా వాడుకుంటున్నాం?

మా బెంచీ మీద కూర్చునే వాళ్ళం ముగ్గురం. ముగ్గురమూ రైల్లోనే వస్తాం. పాసు ఉన్నది ఒక్కడికి. మిగిలిన ఇద్దరిలో ఒకడు నేను.

నవ్వులాటగా చెప్పుకుంటే ఇక్కడితో ఆగొచ్చు. కాని మా చిన్నాన్న కూతురి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. చెల్లెలు 2024లో ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. గుంటూరులో డిగ్రీ సీటు వచ్చింది. ఆ ఏడు మిరప ధర బాగాలేదు. హాస్టలు ఖర్చు తమ వల్ల కాదన్నారు. రోజూ పోయి రావడానికి దారిఖర్చు ఎంతవుతుందని చిన్నాన్న లెక్కేశాడు. నెలకింత, ఏడాదికింత అని గోడ మీద బొగ్గుతో రాశాడు. ఆ అంకె చూసి పిన్ని ఏమీ మాట్లాడలేదు. చెల్లెలు ఒక ఏడాది మొత్తం కల్లాల్లో తాలుకాయలు ఏరింది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశాక మళ్ళీ చేరింది. ఇప్పుడు చదువుకుంటున్నది, సంతోషం. కాని చిన్నాన్న ఆ గోడ మీద అంకె వేసిన నాటికే ఆమెకి రైలు పాసు ఉచితం! ఆ సంగతి చిన్నాన్నకు తెలియదు. పిన్నికి తెలియదు. రోజూ అదే రైల్లో తిరిగే నాకూ తెలియదు. డిగ్రీ చదివే అన్నయ్య ఇంట్లో ఉండి ఏం లాభం? ఆ గోడకి ఇంకా సున్నం వేయలేదు. వెళ్ళినప్పుడల్లా ఆ అంకె కనబడుతూనే ఉంటుంది.

ఇది ఎవరి తప్పు? రైల్వేవారిని అడిగితే, రూలు పుస్తకంలో ఉంది గదా అంటారు. ఆఫీసువారిని అడిగితే, అడిగినవాళ్ళకి ఇస్తున్నాం గదా అంటారు. విద్యార్థి నాయకులను అడిగితే, రాయితీలు పెంచాలని పోయినేడే వినతిపత్రం ఇచ్చాం గదా అంటారు. ఎవరికి వారు నిజమే చెబుతున్నారు. మధ్యలో కాగితం మాత్రం కదలదు.

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. నాన్న ఏడో తరగతి దాకా చదివాడు. కాని గుంటూరు మిర్చి యార్డులో ఆయన బేరం చేస్తుంటే చూసి నేను నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. కొత్తలో ఆయన తన పది టిక్కీలు తానే వేసుకుని ఒంటరిగా వెళ్ళేవాడు. కమీషన్ ఏజెంటు చెప్పిన ధరకి తలూపి వచ్చేవాడు. తర్వాత తర్వాత మా వీధి రైతులు నలుగురైదుగురు కలిసి ఒకే లారీలో సరుకు వేసుకోవడం మొదలుపెట్టారు. బయలుదేరేముందే ఎవరివి ఎన్ని టిక్కీలు, ఏ రకం, తాలు ఎంత, తేమ ఎంత అని రాసుకుంటారు. "ఒరేయ్ అబ్బాయ్, మన సరుకు ఎంతో మనకే తెలియకుండా బేరానికి కూర్చోకూడదు. అవతలివాడు మంచోడైనా సరే, మన లెక్క వాడు వేసుకోడు" అంటాడు నాన్న. ధర వాళ్ళ చేతిలో ఉండదు, నిజమే. కాని కాటా దగ్గర నిలబడే తీరు మారింది.

మన విద్యార్థి సంఘం రైల్వేవారితో మాట్లాడే తీరు ఇంకా ఒంటరిగా పది టిక్కీలు వేసుకుని వెళ్ళిన రైతు తీరులోనే ఉంది. మన కాలేజీకి రైల్లో వచ్చేవాళ్ళు ఎంతమంది? ఏ ఏ స్టేషన్ల నుంచి? బెల్లంకొండ, పిడుగురాళ్ళ, నడికుడి, ఇటు రెడ్డిగూడెం, సత్తెనపల్లి, ఒక్కో చోట ఎందరు? వారిలో ఉచిత పాసుకు అర్హులెవరు, ముప్పాతిక తగ్గింపు వారెవరు, సగం వారెవరు? ఈ పట్టిక మన దగ్గర లేదు. అంకె లేని వినతిపత్రం తూకం వేయని బస్తా లాంటిది.

పొరుగు దేశాల మాట చెబితే గొప్పకు చెప్పాడనుకోవద్దు, పని ఉండే చెబుతున్నాను. జర్మనీలో 1991లో డార్మ్‌స్టాట్ నగరంలో విద్యార్థి సంఘం రవాణా సంస్థతో ఒక ఒప్పందం చేసుకుంది. విద్యార్థులందరూ ఫీజుతోపాటు కొంత సొమ్ము కడతారు, దానికి బదులు ఆ సెమిస్టరంతా అందరికీ ప్రయాణం. తర్వాత ఆ పద్ధతి దేశంలోని చాలా విశ్వవిద్యాలయాలకు పాకింది. 2024లో అది దేశమంతటికీ చెల్లే టికెట్టుగా మారింది. ఆనాటికి నెలకు 49 యూరోలున్న టికెట్టును అందులో 60 శాతానికి, అంటే 29 యూరోల 40 సెంట్లకు విద్యార్థులకు ఇచ్చారు. అక్కడి పిల్లలు మనకంటే తెలివైనవాళ్ళేమీ కాదు. తమ సంఖ్య ఎంతో చెప్పి బేరం చేశారు, అంతే.

ఆ పద్ధతి యథాతథంగా ఇక్కడికి తేవాలని నేను అనను. హాస్టల్లో ఉండే విద్యార్థి రోజూ తిరిగేవాడి టికెట్టుకు డబ్బు కట్టడం మన దగ్గర న్యాయం కాదు. వాడి ఇంట్లోనూ ఒక గోడ ఉంటుంది, ఆ గోడ మీదా ఒక అంకె ఉంటుంది. మనకు కొత్త రాయితీ అవసరం కూడా లేదు. ఉన్నదాన్ని చేతికి అందించే ఏర్పాటు కావాలి.

అయితే ఒక హెచ్చరిక. ఉత్సాహం కొద్దీ సంఘమే డబ్బు పోగుచేసి, టికెట్లు కొని, పంచుదామంటే కుదరదు. అనుమతి లేకుండా టికెట్లు కొని సరఫరా చేసే వ్యాపారం 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా. కాబట్టి అమ్మకం రైల్వేవారిదే కావాలి. మనం చేయవలసింది దరఖాస్తులు సిద్ధం చేయడం, తేదీ ఖాయం చేయించడం. రైల్వేవారు చిన్న స్టేషన్లలో కమీషను మీద టికెట్లు అమ్మే ఏజెంట్లను పెట్టుకుంటున్నారు. ఊళ్ళలో జనసాధారణ్ సేవకుల పేరుతో ప్రైవేటు కౌంటర్లకూ అనుమతి ఇస్తున్నారు. అలాంటప్పుడు ఏడాది మొదట్లో రెండు రోజులు మన కాలేజీలోనే పాసుల కౌంటరు పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది? అది కుదరదంటే, గుంటూరు స్టేషనులో ఫలానా రోజున ఒక కిటికీ విద్యార్థులకు కేటాయించమందాం. గుంటూరు డివిజను ఏర్పడింది 2003లో. వాణిజ్య విభాగం అధికారుల్ని కలవడానికి మనం దూరం పోనక్కర్లేదు, ఈ ఊళ్ళోనే ఉన్నారు. డివిజను స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘం అని ఒకటుంది. అందులోని సభ్యులకు మన పట్టిక ఇచ్చి అక్కడ మాట్లాడించవచ్చు.

హాస్టలు మిత్రులకూ ఇందులో పని ఉంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతుంది. తత్కాల్‌లో రాయితీ లేదు. అంటే సంక్రాంతికి సగం ధరతో ఇంటికి పోవాలంటే నవంబరులోనే సర్టిఫికెట్టు చేతిలో ఉండాలి. మన ఆఫీసులో పండగ సర్టిఫికెట్ల హడావుడి ఎప్పుడు మొదలవుతుందో మీకు తెలుసు! విజ్ఞాన యాత్ర సంగతీ అంతే. ఒక రిజర్వేషను ఫారం మీద ఆరుగురికి మించి రాయకూడదు. నలభైమంది వెళ్ళాలంటే ముందుగా అధికారి అనుమతి కావాలి. ఇవన్నీ తెలిసిన ఇద్దరు విద్యార్థులు, ఓపికున్న ఒక మాష్టారు, ఆఫీసు నుంచి ఒక గుమాస్తా గారు కలిస్తే చాలు. జూన్‌లో పట్టిక, జూలై మొదటి వారంలో సంతకాలు, రెండో వారంలో పాసులు. ఫారాల పుస్తకం వేసవి సెలవుల్లోనే తెప్పించి పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ఇందుకు ఎదురుచెప్పేవారు ఉన్నారు. నేను గౌరవించే అధ్యాపకులొకరు, "సంఘం పని హక్కుల కోసం పోరాడటం, గుమాస్తాగిరీ చేయడం కాదోయ్" అన్నారు. ఆయన మాట కొట్టిపారేయను. రాయితీలు తీసేస్తామంటే రోడ్డెక్కాల్సిందే. కాని వాడని రాయితీని తీసేయడం ఎంత తేలికో ఆలోచించండి. రేపెవరైనా లెక్కలు తీసి, ఈ లైనులో విద్యార్థి పాసులు ఇన్నే గదా అని అడిగితే ఏం జవాబు చెబుతాం? మేమంతా టికెట్టు లేకుండా తిరుగుతున్నామండీ అని చెప్పగలమా?

చివరగా ఒక మాట. ఈ వ్యాసం కోసం రాయితీల పట్టిక చదువుతుంటే రైతుల పేరు కనపడింది. వ్యవసాయ ప్రదర్శనలకు వెళ్ళే రైతుకు 25 శాతం, మెరుగైన సేద్యం నేర్చుకోవడానికి జాతీయ స్థాయి సంస్థలకు వెళ్ళే రైతుకు 50 శాతం తగ్గింపు ఉండేదట. 2020లో ఆగిపోయిన వాటిలో అదీ ఉంది. నాన్నకు చదివి వినిపించాను. కాసేపు ఊరుకున్నాడు. "ఉన్నప్పుడు మనకి తెలవలేదు, తెలిసేప్పటికి అది లేదు. మీదన్నా చూసుకోండ్రా" అన్నాడు.

కొత్తగా ఎన్నికయ్యే సంఘం వారికి నా విన్నపం ఇదే. ప్రమాణ స్వీకారం రోజున పూలదండలు వేసుకోండి, ఉపన్యాసాలు చెప్పండి. మర్నాడు ఉదయం ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి సెక్షనుకూ వచ్చి, రైల్లో వచ్చేవాళ్ళు చేతులెత్తండి అని అడగండి. మూడో బెంచీ నుంచి మొదట లేచే చెయ్యి నాది.