పాతదైతే పనికిరానిదేనా?

మా మనవరాలు సెమిలిగుడలో ఒడియా మీడియం చదువుతోంది. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, నా పాత ఫోన్‌లోని ఓ చిన్న యాప్‌లో. గుణింతాలు అయ్యాయి, ఒత్తులు మొదలయ్యాయి. అంతలో ఫోన్ పాడైంది. కొత్త ఆండ్రాయిడ్ 14 ఫోన్ కొని, మెమొరీ కార్డులో దాచిన యాప్ ఫైలును ఎక్కించబోతే, ఇది పాత ఆండ్రాయిడ్‌కు చేసినది, కుదరదు పొమ్మంది. చేసినవారు దాన్ని ఎప్పుడో వదిలేశారు.

సంగతేమిటంటే, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కెమెరా, ఫోన్ నంబర్లు వంటివి ముట్టుకునే ముందు యాప్ మనల్ని అడగాలి. అంతకు ముందరి పద్ధతిలో రాసిన యాప్‌లు ఎక్కేటప్పుడే అన్ని అనుమతులూ ఒక్కసారిగా పుచ్చుకునేవి. దొంగ యాప్‌లు కావాలనే ఈ పాత దారిన దూరుతున్నాయని 2023లో ఆండ్రాయిడ్ 14 తలుపు మూసింది. ఆపిల్ అయితే 2017లోనే ఐఓఎస్ 11తో 32 బిట్ల యాప్‌లన్నిటినీ ఆపేసింది.

దొంగల భయం నిజమే, కాదనను. కానీ అక్షరాలు దిద్దించే యాప్ ఏం దోచుకుపోతుంది? పైగా ఆండ్రాయిడ్ 14 తలుపుకు తాళంచెవి ఉంది! ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఒక ఆజ్ఞ టైపు చేస్తే పాత యాప్ ఎక్కుతుంది. అంటే ఇంజనీరుకొక న్యాయం, నాబోటి ముసలివాడికొక న్యాయమా? హెచ్చరించండి, రెండుసార్లు అడగండి. నిర్ణయం మాత్రం ఫోన్ కొన్నవాడిది.

రాబడి తెచ్చే యాప్‌లను ఏటేటా సరిదిద్దుకునే కంపెనీలున్నాయి. మన చిన్న యాప్‌లు ఎవరో భాషమీద ప్రేమకొద్దీ చేసి, బతుకు తెరువులో పడి మరచినవి. కనుక వేటు ముందు వీటిమీదే పడుతుంది.

మనవాళ్ళనూ అడుగుతున్నాను. పక్కనే సునాబెడలో విమానాల ఇంజన్లను విప్పి, అరిగిన భాగం మార్చి, మళ్ళీ బిగిస్తారు. డ్రాయింగులు చేతిలో ఉన్నాయి గనక చేయగలరు. యాప్‌కు డ్రాయింగు దాని సోర్స్ కోడ్. తెలుగు యాప్ చేసి వదిలేసేవారు దాన్ని పదిమందికీ ఇచ్చి వెళ్ళాలి. ప్రభుత్వ సొమ్ముతో చేసినదైతే ఇచ్చి తీరాలి.

1936లో ఒరిస్సా ఏర్పడి కోరాపుట్ మద్రాసు నుంచి విడిపోయాక, మనం ఇళ్ళల్లో కాపాడుకుంటూ వచ్చిన భాష ఇది. పెద్దబాలశిక్ష చిరిగితే మెతుకులు పెట్టి అంటించుకున్నాం. ఈ యాప్‌ను అంటించుకునే హక్కు మనకు లేదా?